ఉసిపా వాసన తెలియనిది ఎవరికి?

ఆ వార్డులో గోడకి క్యాలెండర్ ఉండేది గానీ ఫైనెసి దానికేసి ఎప్పుడూ చూసేది కాదు. పందొమ్మిదేళ్ళుగా ఆవిడ పిల్లల వార్డులో నర్సు. మంచాల మీద ఏ జబ్బు పడుకుని ఉందో చూసి ఏ నెలో చెప్పేసేది. జనవరిలో వానలు ముదిరాయంటే మలేరియా. మంచానికి ముగ్గురేసి పిల్లలు, కింద చాపల మీద మరికొందరు. ఫిబ్రవరి చివరికల్లా పాలు తాగే పసివాళ్ళు, ఎగిరిపడే డొక్కలతో, పిల్లికూతలతో. వానలు తగ్గి సరస్సు మీది చలిగాలి మొదలయ్యాక వార్డుకి కాస్త ఊపిరాడేది. అక్టోబరు ఎండలకి బావులు అడుగంటితే విరేచనాలు. ఏటేటా తు.చ. తప్పకుండా ఇదే వరస. జబ్బులకైనా ఒక పద్ధతంటూ ఉండాలని ఫైనెసి నమ్మకం.

కరోనా వచ్చిన ఏడాది ఆ పద్ధతి కాస్తా మంటగలిసింది. బళ్ళు మూశారు. ప్రతి గుమ్మం ముందూ కుళాయి బిగించిన బకెట్టు, పక్కన సబ్బు ముక్క. సరస్సు ఒడ్డునున్న ఆ మ్వాలా రేవు పిల్లలు పుట్టి బుద్ధెరిగాక అన్నిసార్లు చేతులు కడుక్కోవడం అదే మొదలు. జూన్, జూలై నెలల్లో వార్డు వెలవెలబోయింది. కొత్తగా చేరిన నర్సులు సంబరపడి ఖాళీ మంచాల మీద కూర్చుని అల్లికలు పెట్టుకున్నారు. ఆ మంచాలు చూస్తే ఫైనెసికి ఒళ్ళు మండేది. జబ్బులు రాక ఖాళీయా, జబ్బొచ్చిన పిల్లల్ని తల్లులు తీసుకురాక ఖాళీయా? రెండూ నిజమే. దగ్గులు నిజంగానే తగ్గాయి, భయం నిజంగానే పెరిగింది. ఆసుపత్రికి వెళ్తే పేరు రాసుకుంటారు, పేరు రాసుకుంటే ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు, ప్రాణం పోతే స్నానం కూడా చేయించకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి పూడ్చేస్తారు. రేవంతా ఇదే మాట.

బళ్ళు తెరిచాక, మాడు పగిలే అక్టోబరు ఎండలో, పిల్లికూతల పసివాళ్ళు ఒక్కుమ్మడిగా వచ్చిపడ్డారు. బస్సు తప్పిపోయి ఎనిమిది నెలలు ఆలస్యంగా దిగినట్టు వచ్చారు. తర్వాత ఫిబ్రవరి వచ్చింది. అసలది వాళ్ళ నెల. ఒక్కరంటే ఒక్కరు లేరు. 'ఈ జబ్బులకి మతి పోయింది' అనుకుంది ఫైనెసి. నిజానికి ఆమెకే మతి పోయినంత పనైంది.

ఆ మార్చిలో, ఒక మంగళవారం పొద్దున, అబితి జఫాలి తన మనవరాలిని వీపున కట్టుకుని వార్డులోకి వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లని చంటిబిడ్డలా చితెంజి గుడ్డతో వీపుకి కట్టుకున్నారంటే ఆ పిల్ల నడిచే స్థితిలో లేదన్నమాట. పిల్ల పేరు రుకియా.

అబితి జఫాలిని ఎరగనివాళ్ళు రేవులో లేరు. నలభై ఏళ్ళుగా ఉసిపా చేపల వ్యాపారం. వేలెడంత ఉసిపాని తడికెల మీద ఎండబెట్టి అమ్మడం ఎవరైనా చేస్తారు, అందులో గొప్పేం లేదు. గొప్పంతా ఆవిడ ముక్కుది. వానాకాలంలో చేప సరిగ్గా ఎండదు, పైకి బాగానే ఉంటుంది, లోపల పాడవుతుంది. అలాంటప్పుడు తడికెల యజమానులు అబితి జఫాలికి కబురు పెట్టేవారు. ఆవిడ వచ్చి గుప్పెడు తీసి, ఒక చేపని రెండు వేళ్ళతో విరిచి, ముక్కు దగ్గర పెట్టుకునేది. 'బాగుంది' అంటే సంతకి, మొహం చిట్లిస్తే కోళ్ళకి. ఆ మాట మీద మరో మాట ఉండేది కాదు. ఆవిడ పళ్ళెంలో చేపని ఎవరైనా వాసన చూస్తే అది ఆవిడని అవమానించినట్టే.

ఆ పళ్ళెం దగ్గరే ఫైనెసికీ ఆవిడకీ చెడింది. ఫిబ్రవరి మొదట్లో ఫైనెసి ఆవిడ దగ్గర ఉసిపా కొనుక్కుంది. మొహానికి మాస్కు, పైగా అబితి జఫాలి సరుకు, వాసన చూసే ప్రశ్నే లేదు. ఇంటికెళ్ళి మూట విప్పేసరికి ఇల్లంతా కంపు. ఆ రోజు వార్డులో ఎవరి మీదో ఉన్న కోపం కూడా దానికి తోడై, ఒంటికాలి మీద లేచి సంతకి తిరిగెళ్ళి, మూట తీసి ఆవిడ ముందు కుమ్మరించింది.

"ఏం అగోగో, చేపలతో పాటు ముక్కు కూడా అమ్మేశావా?" అంది అందరూ వినేలా. అగోగో అంటే అవ్వ.

సంతంతా గొల్లుమంది. అబితి జఫాలి వాన అంది, పడవవాడు మోసం చేశాడంది, ఇంకేమీ అనలేదు. మర్నాటికల్లా పిల్లలు 'ముక్కు అమ్మేసిన అవ్వ' అని పాట కట్టేశారు. వారం తిరక్కుండా ఆవిడ సంతకి రావడం మానేసింది. సిగ్గుపడి మానేసిందనుకున్నారు జనం. ఫైనెసి కూడా అలాగే అనుకుంది. తన నోటి దురుసుకి రెండు రోజులు బాధపడి, తర్వాత మర్చిపోయింది. అబితి జఫాలి మర్చిపోలేదు.

ఆ మంగళవారం వార్డులో ఆవిడ రవికలోంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టింది. విమానం ఎక్కించేది కాదు, ఆసుపత్రి పాస్‌పోర్టు. పుట్టిన దగ్గర్నుంచి ప్రతి జ్వరమూ ప్రతి సూదీ ఎక్కే చిన్న పుస్తకం. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు పుస్తకం, తర్వాత మనిషి.

"జ్వరం ఎప్పట్నుంచి?" అడిగింది ఫైనెసి.

"శుక్రవారం నుంచి."

"ఇవాళ మంగళవారం. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావ్ అగోగో?"

"హెల్త్ సెంటరుకి తీసుకెళ్ళా. మాత్రలిచ్చారు. అందులో రాసే ఉంది, చదువుకో సిస్టర్. చదువుకున్నదానివేగా."

ఫైనెసి ఆ చురకని పక్కన పెట్టి పుస్తకం తెరిచింది. 'మలేరియా పరీక్ష: నెగెటివ్' అని ఉంది. కింది వరసలో 'జబ్బు: మలేరియా' అనీ ఉంది. అది చూసి ఆమెకి ఆశ్చర్యం వేయలేదు. వానాకాలంలో జ్వరమంటే మలేరియా. పరీక్ష కాదని చెప్పినా కలం తన అలవాటు మానదు. ఆమె కలం కూడా ఆ బాపతే.

రుకియా కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పుసి మాత్రం లేదు. పెదాలు పగిలి నెత్తురు చిమ్మేలా ఉన్నాయి. కడుపు మీద దద్దుర్లు. అక్కడ చెయ్యి పెడితే కెవ్వుమంటోంది. చేతులూ పాదాలూ ఉబ్బి ఉన్నాయి.

"చికుకు," అంది పక్కనున్న చిన్న నర్సు. తట్టు అన్నమాట.

"చికుకు ఏంటి నీ మొహం! ఆ సూది రెండుసార్లు వేయించా. పేజీ తిప్పి చూడు," అని కస్సుమంది అబితి జఫాలి.

నిజమే, రెండు సూదులూ పుస్తకంలో ఉన్నాయి. అయినా ఎందుకైనా మంచిదని పిల్లని మూల గదిలో పడుకోబెట్టి సెలైనూ, సూదిమందులూ మొదలుపెట్టారు. చేర్చుకునే కాగితం మీద మొదటి ప్రశ్న అచ్చులో ఉంది: 'ఇంట్లో ఎవరికైనా కరోనా వచ్చిందా?' ఫైనెసి అడిగింది. లేదంది అబితి జఫాలి. ఫైనెసి రాసుకుంది. ఆ గడిలో ఏడాదంతా 'లేదు' తప్ప మరో మాట లేదు. ఆ కాగితాల్ని నమ్మితే మ్వాలా రేవుకి కరోనా రానేలేదు.

బుధవారానికి పిల్ల మరీ నీరసించింది. జ్వరం దిగలేదు, నాడి పరుగులు తీస్తోంది, అరికాళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి. లింబానీ మ్సోసా వచ్చి చాలాసేపు చూసి, ఫైనెసిని వరండాలోకి పిలిచాడు. అతను క్లినికల్ ఆఫీసరు. ముప్పై దాటని కుర్రాడే గానీ ఆ వార్డుకి డాక్టరన్నా దేవుడన్నా అతనే. జనం ముందు ఫైనెసి అతన్ని 'డాక్టర్, మీరు' అంటుంది. ఎవరూ లేకపోతే 'లింబానీ, నువ్వు'.

"సిస్టర్, బ్లాంటైర్‌లో నాతో చదువుకున్నవాడు ఫొటోలు పంపాడు, చూడండి," అని ఫోను చేతికిచ్చాడు. "కరోనా ఊరిమీద పడి వెళ్ళిన నెలకో నెలన్నరకో పిల్లలకి ఇలా వస్తోందట. ఒళ్ళంతా వాపు. గుండెతో సహా."

"పిల్లల్ని కరోనా ఏం చేయదన్నారు కదా?"

"చేయదు. జలుబులా వచ్చి పోతుంది. అసలు వచ్చినట్టే తెలియదు. తర్వాతే ఈ గొడవంతా. దొంగ పారిపోయాక కాపలావాడు కర్ర దించకుండా ఇంట్లోవాళ్ళని బాదుతున్నట్టు, పిల్ల ఒళ్ళే పిల్లని బాదుతోంది."

ఫైనెసి ఫొటో చూస్తూ ఉండిపోయింది. అవే కళ్ళు, అవే పెదాలు. కానీ ఆమెకి గుర్తొచ్చింది రుకియా కాదు.

"మందుందా దీనికి?"

"ఉంది. మన అలమారలోనే ఉంది. ఆయాసం పిల్లలకిచ్చే స్టెరాయిడే. భయమంతా దాంతోనే. ఇది టైఫాయిడ్ అయ్యుండి పేగు చిల్లు పడబోతుంటే, ఆ మందిచ్చి పిల్లని మనమే చంపినట్టవుతుంది."

"లిలోంగ్వే పెద్దాసుపత్రికి పంపిద్దాం."

"ఫోన్ చేశాను. ఈ నాడితో రెండు గంటల దారి తట్టుకోదన్నారు. నెల కింద ఆ ఇంట్లో కరోనా ఉందని తేలితే అక్కడే మందు మొదలుపెట్టు, తేలకపోతే తొందరపడకు అన్నారు. ముక్కులో పుల్ల పెట్టి చూశాం, ఏం లేదు. ఉండదు కూడా, ఎప్పుడో వచ్చి పోయింది. రక్తం పంపితే జవాబుకి నాలుగు రోజులు."

"నాలుగు రోజులు ఆ పిల్లకి ఎక్కడున్నాయి లింబానీ?"

"అందుకే ఒక్క మాట కావాలి నాకు. ఆ ఇంట్లో ఉందా, లేదా? ముసలావిడేమో ఒట్టేసి లేదంటోంది."

ఫైనెసి తిన్నగా వెళ్ళి పాత రిజిస్టరు తీసింది. పోయిన ఆగస్టు పేజీ. ఇదిరిసా, ఆరేళ్ళు, జ్వరం ఏడు రోజులు, మలేరియా. పక్కన పరీక్ష గడిలో నెగెటివ్. వచ్చిన మూడో రోజు పోయాడు. ఎర్రటి కళ్ళు. కళ్ళకలక అనుకుని తడిగుడ్డతో తుడిచింది తనే. రాత కూడా తనదే. అప్పటికి ఈ జబ్బు పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు, ఎవరూ తప్పుపట్టరు. అయినా ఆ అక్షరాల్ని ఆమె చూడలేకపోయింది. రిజిస్టరు మూసేసి మూల గదికి వెళ్ళింది.

"అగోగో, నిజం చెప్పు. ఫిబ్రవరిలో గానీ, అంతకు ముందు గానీ, మీ ఇంట్లో కరోనా..."

"మా ఇంట్లో అలాంటివి లేవు."

"పోనీ, జ్వరం?"

"వానాకాలం. ఎవరికి లేదు? నీకు రాలేదా?"

"దగ్గు?"

"పొయ్యి పొగ."

"రుకియా కోసం అడుగుతున్నా."

"దాని పేరు చెప్పి నా నోట్లో మాటలు పెట్టకు సిస్టర్. సంతలో చేసింది చాల్లేదా? 'ముక్కు అమ్మేసిన అవ్వ' అని పేరు పెట్టించావ్. ఇప్పుడు 'కరోనా అవ్వ' అని కూడా పెట్టిస్తావా?"

ఫైనెసికి ఆవిడ అబద్ధం చెబుతోందని తెలుస్తూనే ఉంది. ఆ అబద్ధానికి గట్టి గొళ్ళెం వేసింది తన నోరేనని కూడా తెలుస్తోంది.

గురువారం పొద్దున ఫైనెసి వేడినీళ్ళ కోసం ఆసుపత్రి వెనక వంటపాకకి వెళ్ళింది. రోగులతో వచ్చినవాళ్ళు వండుకునే చోటు అది, మూడేసి ఇటుకల పొయ్యిలు బారులు తీరి ఉంటాయి. పాక ఇంకా పది అడుగుల దూరం ఉండగానే మాడు కంపు మాస్కు దాటుకుని ముక్కుపుటాలు అదరగొట్టింది. లోపల అబితి జఫాలి పొయ్యి ముందు కూర్చుని, చేతిలో గరిటతో, గిన్నెలోకే చూస్తోంది. కళ్ళు మాత్రం ఎక్కడో ఉన్నాయి.

"అబితి జఫాలీ! నీ జావ మాడి బొగ్గవుతోందే!" అని పక్క పొయ్యి ఆవిడ గావుకేక పెట్టింది.

అబితి జఫాలి ఉలిక్కిపడి గిన్నె దించింది. గరిటతో కాస్త జావ తీసి, అలవాటైన చేత్తో ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్క క్షణం.

"ఏం మాడింది? బాగానే ఉంది," అంది తాపీగా.

పక్కావిడ ముక్కున వేలేసుకుంది. ఫైనెసి గడప మీదే ఆగిపోయింది. గిన్నె అడుగు నల్లగా మాడిపోయింది, వల్లకాడులా కంపు కొడుతోంది, ఈ రేవులోకెల్లా పేరుమోసిన ముక్కు దాని మీదికి వంగి 'బాగుంది' అంటోంది. సంతలో కుమ్మరించిన ఉసిపా అప్పుడు గుర్తొచ్చింది. నలభై ఏళ్ళు వానాకాలాలన్నీ దాటొచ్చిన మనిషి ఆ ఒక్క వానకి ఎందుకు తప్పుతుంది? ఆవిడ మోసం చేయలేదు. పడవవాడూ మోసం చేయలేదు.

ఫైనెసి పక్కావిడని దుప్పట్లు ఆరాయేమో చూడమని పంపించి, ఒక ఇటుక లాక్కుని అబితి జఫాలి ఎదురుగా కూర్చుంది.

"అగోగో, ఆ రోజు సంతలో నేను నోరు పారేసుకున్నాను. తప్పు నాది. అందరి ముందూ అన్నాను, అందరి ముందూ చెప్పమన్నా చెప్తాను."

అబితి జఫాలి గరిటతో మాడు గీకుతూ ఉంది.

"ఎప్పట్నుంచి తెలియడం లేదు?"

"ఏంటి తెలియనిది?"

"ఉసిపా వాసన."

గరిట ఆగింది. కరోనా అనే మాట ఆ పాకలో ఎవరూ ఎత్తలేదు.

"జనవరి ఆఖరు శుక్రవారం," అంది అబితి జఫాలి, గొంతు బాగా తగ్గించి. "మధ్యాహ్నం నమాజు పిలుపు అయ్యాక తడికెల దగ్గరికి వెళ్ళా. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా. ఏమీ లేదు. జలుబేమోలే అని ఇంకో గుప్పెడు తీశా. అబ్బే! సరస్సు వాసన కూడా లేదమ్మాయ్. నీళ్ళ పక్కన నించుని నీళ్ళ వాసన తెలియలేదు. చుట్టూ జనం. 'బాగుందా అబితి జఫాలీ' అని అడుగుతున్నారు. ఏం చెప్పను? బాగుందన్నా. రెండు తడికెలు బాగుందన్నా. ఆ చేపే నువ్వు కొన్నది."

"దానికి ముందు జ్వరం వచ్చిందా?"

"మూడు రోజులు. ఒళ్ళు విరగ్గొట్టేసింది. నా కూతురికి, రుకియా వాళ్ళమ్మకి కూడా వచ్చింది, చంటిపిల్ల తల్లి, అల్లాడిపోయింది."

"రుకియాకి?"

"ఒకరోజు ముక్కు కారింది. అంతే. ఎప్పుడూ నా చాప మీదే పడుకుంటుంది." అని ఆగి, మొదటిసారి తలెత్తి ఫైనెసి మొహంలోకి చూసింది. "నేనే అంటించానా?"

ఇలాంటి చోట అబద్ధమాడితే మంచిదో, నిజం చెబితే మంచిదో పందొమ్మిదేళ్ళలో ఫైనెసికి తేలలేదు. నిజమే చెప్పింది. "నీ దగ్గర్నుంచి వచ్చుండొచ్చు. బడి నుంచి కూడా వచ్చుండొచ్చు. రేవులో ఎవరికి రాలేదు? నాకూ వచ్చింది. అంటించినందుకు ఎవరూ నిన్నేం అనరు. కానీ నువ్విప్పుడు చెప్పిన ఈ మాట లేకుండా దానికి మందివ్వలేం. ఈ మాట కోసమే డాక్టరు రెండు రోజులుగా తల బద్దలు కొట్టుకుంటున్నాడు."

అబితి జఫాలి చప్పున లేచింది. "ఐతే ఇవ్వండి! లేవవేం? ఇంకా కూర్చున్నావేం?" రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "పుస్తకంలో మాత్రం రాయకు."

"రాయాలి అగోగో."

"ఆ పుస్తకం అందరూ చూస్తారు. హెల్త్ సెంటర్లో చూస్తారు, బళ్ళో చూస్తారు. నా ముక్కు పోయిందని రేవులో తెలిస్తే నా చేప ఎవడు కొంటాడు? ఆ రోజు నువ్వన్నది నిజమే అమ్మాయ్. నలభై ఏళ్ళు నేనమ్మింది ముక్కే. చేపలు ఎవరైనా అమ్ముతారు."

ఫైనెసికి ఆవిడని చూస్తే జాలేసింది. ఆ జాలి పక్కనే ఆగస్టు పేజీ కూడా ఉంది.

"మధ్యాహ్నం నేను ఇంటికెళ్తాను, ఇంకో నర్సు వస్తుంది. ఆదివారం ఇంకో డాక్టరు వస్తాడు. వాళ్ళు నిన్ను అడగరు, పుస్తకం తెరుస్తారు. అందులో ఈ మాట లేకపోతే, ఈ మందెందుకని ఆపేస్తారు. మళ్ళీ మలేరియా అని రాస్తారు." ఫైనెసి ఇటుక మీంచి లేచింది. "పోయిన ఆగస్టులో ఒక పిల్లాడి పుస్తకంలో నేనూ అలాగే రాశాను. అది మలేరియా కాదేమో. వాడు లేడు. ఆ పుస్తకం వాళ్ళమ్మ దగ్గర ఉంది."

అబితి జఫాలి ఆమెని ఎగాదిగా చూసింది. చేతిలో గరిట ఉందని కూడా ఆవిడకి గుర్తున్నట్టు లేదు.

"రాయి," అంది. "కరోనా అని కాదు. కరోనా అని నాకెవరూ పరీక్ష చేయలేదు. జరిగింది జరిగినట్టు రాయి."

ఫైనెసి వార్డులోకి వచ్చి రుకియా పాస్‌పోర్టు తెరిచి నిలబడే రాసింది: 'అమ్మమ్మకి మూడు రోజుల జ్వరం తర్వాత జనవరి 29 నుంచి ఉసిపా వాసన తెలియడం లేదు. తల్లికీ జ్వరం. పిల్ల అమ్మమ్మ చాప మీదే పడుకుంటుంది.' కింద సంతకం పెట్టి లింబానీ చేతికిచ్చింది.

"ఉసిపా వాసనా?" అన్నాడతను.

"అబితి జఫాలికి ఉసిపా వాసన తెలియకపోవడం. ఇంకేం కావాలి నీకు?" జనం ముందే 'నువ్వు' అనేసింది, ఇద్దరూ గమనించలేదు.

లింబానీ ఇంకోసారి చదివి, తేదీలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, అలమార తాళం అడిగాడు.

మొదటి మోతాదు పడ్డాక మధ్యాహ్నం దాకా ఏమీ మారలేదు. ఫైనెసి ఇంటికెళ్ళాల్సిన వేళకి వెళ్ళలేదు. లింబానీ గంటకోసారి వచ్చి పిల్ల పొట్ట నొక్కి చూసి, తనలో తాను ఏదో గొణుక్కుంటూ వెళ్ళాడు. అబితి జఫాలి మంచం పక్కన నేల మీద కూర్చుని రుకియా పాదాలు రెండు చేతుల్లో పట్టుకుంది. సాయంత్రం ఐదింటికి ఆవిడ 'సిస్టర్' అని కాకుండా 'అమ్మాయ్' అని పిలిచింది. పాదాలు వెచ్చబడ్డాయి. ఫైనెసి పట్టుకుని చూసింది. నిజమే. శుక్రవారానికి జ్వరం దిగింది. శనివారం రుకియా జావ వద్దని మొహం తిప్పుకుని మొక్కజొన్న పిండి న్సిమా ముద్దా చేపల కూరా అడిగింది. జావ మాడు కంపు కొడుతోందట.

అచ్చు కాగితం మీద మొదటి ప్రశ్నని మార్చే అధికారం ఫైనెసికి లేదు. దాన్ని అలాగే అడిగేది, 'లేదు' అని రాసుకునేది. తర్వాత కలం పక్కన పెట్టి, "ఈ రెండు నెలల్లో మీ ఇంట్లో ఉసిపా వాసన తెలియనిది ఎవరికి?" అనేది. మొదటి తల్లి పకపకా నవ్వింది. "మా ఆయనకే సిస్టర్! మురిగిపోయిన కూర తిని బ్రహ్మాండంగా ఉందన్నాడు, రోగిష్టి మొహం." రెండో ఆమె "నాకే" అంది. మూడో ఆమె ఇంట్లో అత్తగారికట. తొమ్మిది మందిని అడిగితే ఆరుగురు చెప్పారు, అదేదో పెళ్ళి కబుర్లు చెప్పినట్టు ఒకరి మాట మీద ఒకరు పడి. కరోనా రాని రేవులో ఇంటికొకరికి ముక్కు పోయింది. ఆ ఆరుగురిలో ఒకామె కొడుక్కి, ఐదు రోజుల జ్వరమూ ఎర్ర కళ్ళూ ఉన్న పిల్లాడికి, లింబానీ అదే రోజు ఆ మందు మొదలుపెట్టాడు.

ఆగస్టు పేజీలో 'మలేరియా' పక్కన ఫైనెసి పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం పెట్టింది. ఒక ఆదివారం ఇదిరిసా తల్లి ఇంటిదాకా నడిచింది. ఆమె ముంగిట్లో మొక్కజొన్నలు ఒలుస్తోంది. 'పోయిన జూలైలో ఉసిపా వాసన...' అని ఫైనెసి మొదలుపెట్టలేకపోయింది. ఎలా ఉన్నావని అడిగి, కాసేపు తనూ ఒలిచి, తిరిగొచ్చేసింది.

రెండు వారాల తర్వాత రుకియా తన కాళ్ళ మీద నడుచుకుంటూ వార్డుకొచ్చింది. వేళ్ళ కొసల దగ్గర తోలు ఉల్లిపొరలా ఊడుతోంది, దాన్ని పీక్కోవడమే దానికి పని. లింబానీ గుండె చప్పుడు విని, బాగానే ఉందిగానీ వచ్చే నెల లిలోంగ్వేలో ఒకసారి మెషీను మీద చూపించాలన్నాడు. ఆ మాట పుస్తకంలో రాసిచ్చాడు. అబితి జఫాలి పుస్తకం రవికలో దోపుకుని, సంచిలోంచి ఒక మూట తీసి ఫైనెసి ముందు విప్పింది. ఉసిపా.

"మళ్ళీ అమ్ముతున్నావా అగోగో?"

"అమ్మక, నువ్వు పెడతావా కూడు? ముక్కు పోయిందని నేనే చెప్పి అమ్ముతున్నా. నవ్వుతున్నారు. నవ్వి కొంటున్నారు."

"మరి బాగుందో లేదో చూసేదెవరు?"

అబితి జఫాలి గడ్డంతో మనవరాలి వైపు చూపించింది. "గుప్పెడు తీసి దీని ముక్కు దగ్గర పెడతా. మొహం చిట్లిస్తే కోళ్ళకి. ఇదిగో, నువ్వు కూడా చూసుకుని తీసుకో. తర్వాత సంతకొచ్చి కుమ్మరిస్తావ్."

ఆవిడ పళ్ళెంలో చేపని వాసన చూడమని ఆవిడే చెప్పడం రేవులో ఎవరూ విని ఉండరు. ఫైనెసి మాస్కు కిందికి లాగి, ఒక ఉసిపా తీసి రెండు వేళ్ళతో విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బాగుంది," అంది.

రుకియా వేలి తోలు పీక్కోవడం ఆపి, ముక్కుపుటాలు ఎగరేసి ఆమెని కొరకొరా చూసింది.

"నేను చూశాక మళ్ళీ నువ్వు చూడటమేంటి?" అంది.